వందలో ఒక పాలు

గాలిని విడగొట్టే ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్ళుగా పని చేస్తున్నాడాయన. గాలిని లోపలికి పీల్చి, నీళ్ళలా కారేంతవరకు చల్లబరిచి, నత్రజనిని ఒక గొట్టంలోకి, ఆక్సిజన్‌ను ఇంకో దానిలోకి, మిగిలిన కాస్త ఆర్గాన్‌ను మూడో దానిలోకి పంపుతారక్కడ. మూడో గొట్టం ఆయనది.

భార్య పోయి ఎనిమిది నెలలైంది. ఆయన ఏడవలేదు. ఎవరితోనూ కలవడం మాత్రం మానేశాడు. ఆర్గాన్ కూడా అంతే, ఏ వాయువుతోనూ పొత్తు పెట్టుకోదు. ఒకరోజు వెల్డరు, "ఏం ఆర్గాన్ బావా, టీకి రావా?" అన్నాడు. ఆ పేరు అతుక్కుపోయింది. ఆయనకు కోపమేమీ రాలేదు.

ఒక సాయంత్రమైతే హెల్మెట్‌తోనే ఇంటికొచ్చి, హెల్మెట్‌తోనే భోంచేసి లేచాడు. టీచరుగా పనిచేసే కూతురు చూసి కూడా ఊరుకుంది. ఆమెకు వేరే ఊరికి బదిలీ అయింది. వద్దనుకుంటే సోమవారంలోగా చెప్పాలి. వెళ్ళనా వద్దా అని తండ్రిని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ "నీ ఇష్టం" అన్నాడు.

శుక్రవారం ఆమె తన క్లాసు పిల్లల్ని వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకే వచ్చింది. పాఠం చెప్పాల్సిన మేనేజరు గొంతు పట్టేసిందంటూ ఆయన్ని ముందుకు తోశాడు. చొక్కా గుండీలు వంకరగా పెట్టుకున్న సంగతి అందరికీ కనపడింది, ఆయనకు తప్ప.

"వందలో డెబ్బై ఎనిమిది పాళ్ళు నత్రజని. ఇరవై ఒకటి ఆక్సిజన్. మిగిలిన ఒక్క పాలూ దాదాపు ఆర్గానే."

"అదేం పని చేస్తుంది?" అంది ముందు వరస పిల్ల.

"గాల్లో ఉన్నంతసేపూ ఏమీ చేయదు."

వెనక వెల్డరు కిసుక్కుమన్నాడు.

"మరెందుకొచ్చింది తాతా?"

"మొట్టమొదట భూమి చుట్టూ ఉన్నవి తేలిక వాయువులమ్మా. నిలవలేదు, వెళ్ళిపోయాయి. తర్వాత అగ్నిపర్వతాలు ఆవిరీ, బొగ్గుపులుసు వాయువూ, నత్రజనీ కక్కాయి. సముద్రంలో కంటికి కనపడని జీవులు ఆక్సిజన్ వదిలాయి. ఈ ఆర్గాన్ రాళ్ళలోంచి వచ్చింది. రాళ్ళలో ఉండే పొటాషియంలో రవ్వంత, కోట్ల ఏళ్ళు పట్టి, ఇలా మారింది. బరువైంది గదా, ఎక్కడికీ పోలేక ఉండిపోయింది."

ఎనిమిది నెలల్లో ఆయన నోట అన్ని మాటలు రావడం అదే మొదలు. వెల్డరు నవ్వు ఆపేశాడు.

పిల్లలు బస్సెక్కుతుంటే కూతురు వెనక్కి వచ్చి, ఆయన గుండీలు విప్పి సరిచేయసాగింది. "నేనూ తేలిక వాయువునేనా నాన్నా? పోతే పోనీ అనుకోడానికి?"

ఆయన గొట్టం మీద పేరుకున్న మంచుకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆఖరి గుండీ కూడా అయిపోయాక, "వెళ్ళకమ్మా" అన్నాడు.

"ఇంటికొచ్చి చెప్పు. హెల్మెట్ తీసి."

సాయంత్రం గుమ్మంలో బూట్లు విప్పి, హెల్మెట్ తీసి మేకుకు తగిలించాడు. ఏడుపు ఇంకా రాలేదు. మాట మాత్రం మళ్ళీ చెప్పాడు.