రంగుల గదికి పదేళ్ల ప్రణాళిక

ఈ రోజు జనగామలోని మా కాలేజీ వస్త్ర విభాగానికి పదేళ్ల ప్రణాళిక రాద్దామని లెక్చరర్లమంతా కూర్చున్నాం. కరెంటు పోవడంతో వరండాలోకి వచ్చాం. అక్కడ పిల్లలు అద్దకం చేసి ఆరేసిన చీరలు గాలికి ఊగుతుంటే నా మనసు మీటింగులో నిలవలేదు.

అద్దకం గది తీసేసి కుట్టుమిషన్లు పెడదామన్నారు మా ప్రిన్సిపాల్ పెద్దసార్. మరిపెడ దగ్గరి తండా నుంచి వచ్చి చదువుకుంటున్న కమ్లిని పిలిచి, "నువ్వేమంటవ్ బిడ్డా?" అని అడిగారు.

"గా గది తీసెయ్యకుండ్రి సార్. సదువైనంక మా తండాల గసొంటిదే పెడ్త. మా అవ్వకు గుడ నేర్పుత."

సార్ కాసేపు ఆ చీరలవైపే చూసి, "సరే, ఉండనియ్యి," అన్నారు.

కమ్లి తండాలో ఆరబోయే రంగుల చీరలను ఊహించుకుంటూ, సైక్లోస్టైల్ మిషన్‌పై కాపీలు తీయడానికి నేను ఇవ్వాల్సిన మీటింగు వివరాలు రాయడమే మరిచిపోయాను. మీరైతే రాయగలిగేవారా?