నుసుములు పట్టిన కుండీలు

గిద్దలూరు అడవి శాఖ దొర బంగళాలో అందరూ సామ్యేలును తోటమాలి అనేవాళ్ళు గానీ, తోట చూసేది వేరే మనిషి. సామ్యేలుకు అప్పగించింది ఇంటి లోపలి కుండీలు. హాలులో పదిహేడు, భోజనాల గదిలో ఆరు, దొరసాని పడకగది కిటికీ దగ్గర రెండు. అన్నీ నీడపట్టున బతికే ఆకుమొక్కలే. పువ్వు పూయవు, కాయ కాయవు. బజారులో ఎవరైనా "ఏం పండిస్తుండావు సామ్యేలూ?" అని ఎగతాళి చేస్తే, "ఆకులు పండిస్తుండా, కూర వండుకుంటావా?" అని తనూ నవ్వేవాడు.

అంతకుముందు అతను మార్కాపురం పలకల గనిలో పదకొండేళ్ళు రాయి చీల్చాడు. ఆ దుమ్ము ఛాతీలో చేరింది. నాలుగడుగులు గబగబా వేస్తే దగ్గు అందుకునేది. మళ్ళీ గనిలో దిగితే రెండేళ్ళు బతకవని ఆసుపత్రి డాక్టరు మొహం మీదే చెప్పాడు. అటువంటివాడికి తడిగుడ్డతో ఆకులు తుడిచే పని దొరికింది. బంగళా వెనక ఉండడానికి ఒక గది కూడా దొరికింది. భార్య మణెమ్మ అదే బంగళాలో అంట్లు తోమేది. ఈ పని పోతే మళ్ళీ గనే గతి అని సామ్యేలుకూ తెలుసు, మణెమ్మకూ తెలుసు, మణెమ్మ తమ్ముడు కరుణాకరానికి ఇంకా బాగా తెలుసు.

కరుణాకరాన్ని ఆ బంగళాలో పెట్టించింది సామ్యేలే. కొమరోలులో ఏ పని మీదా నెల నిలవకుండా తిరుగుతుంటే పిలిపించి, దొరసాని ముందు చేతులు కట్టుకుని, "మా బావమరిదమ్మా, చెయ్యి శుభ్రం, మాట శుభ్రం" అని చెప్పి వంటింట్లో చేర్చాడు. బల్ల మీద ఏ చెంచా ఎటువైపు పెట్టాలో, దొర కోపంగా ఉన్నప్పుడు ఎక్కడ నిలబడాలో, తను చూసి నేర్చుకున్నదంతా నేర్పాడు. చెయ్యి సంగతి ఎలా ఉన్నా, వాడి మాట శుభ్రమని పూచీపడ్డాడు చూడండి, అక్కడే ఈ అమాయకుడు దెబ్బతిన్నాడు.

1934లో వానలు తగ్గుముఖం పట్టాక కుండీల్లో నుసుములు పుట్టాయి. ఆవగింజలో సగం ఉండే నల్ల ఈగలు. కుండీ కదిపితే చాలు, మట్టిలోంచి గుంపుగా లేచేవి. పాలజగ్గులో అవే, దొర తాగే సూపులో అవే. ఒకరోజు దొర చెంచా విసిరికొట్టి భోజనం మీంచి లేచిపోయాడు. మునిషీ దగ్గర తెలుగు నేర్చుకున్న దొరసాని అచ్చు పుస్తకంలా మాట్లాడేది. సామ్యేలును పిలిచి, "ఈ పురుగులు పోవలెను. లేనియెడల కుండీలన్నీ బయట పారవేయించెదను" అంది. కుండీలు బయటికి పోతే సామ్యేలూ బయటికే.

అతనికి దిక్కు తోచలేదు. మట్టిలో వేలు పెట్టి, తడి తగలకపోతేనే నీళ్ళు పోసే మనిషి. అయినా ఎప్పుడు చూసినా మట్టి చిత్తడిగానే ఉంటోంది. ఒక కుండీ పైమట్టి చెంచాతో తీసి చూశాడు. కింద నానిపోయిన టీ ఆకు, పులిసిన పాల వాసన, వాటి మధ్య దారప్పోగుల్లాంటి తెల్లటి పురుగులు. పక్క కుండీలో బియ్యం కడిగిన నీళ్ళ కంపు. వంటింటి నుంచి పెరటి కాలువ దాకా నడవడానికి ఒళ్ళొంగనివాడు ఆ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. ఎవరినీ అడగనక్కర్లేకపోయింది.

గదికి వచ్చి చెప్తే మణెమ్మ తల వంచుకుంది.

"నేను చూసినాలే," అంది. "మొన్న కెటిలు తెచ్చి కుండీలో వొంపుతుండినాడు. ఏందిరా ఇది అంటే, మొక్కకు బలమక్కా అన్నాడు."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు దొరసానితో అంటావు, వాడి పని పోతాది. పెండ్లి కుదిరిందాయె. పని లేనోడికి ఆ పిల్లను ఇస్తారా? నీ కాళ్ళు పట్టుకుంటా, వాడి పేరు ఎత్తొద్దయ్యా."

పోయి అడిగితే కరుణాకరం అయితే ఏడ్చేశాడు. "తెలీక చేసినా బావా. ఇంక చచ్చినా పొయ్యను. నువ్వు నాకు నాయన లెక్క" అని చేతులు పట్టుకున్నాడు. సామ్యేలు మనసు కరిగిపోయింది. మర్నాడు దొరసాని దగ్గరికి పోయి, "తప్పు నాదేనమ్మా, నీళ్ళు ఎక్కువైనాయి. పదైదు దినాలు గడువియ్యండి" అన్నాడు. తప్పును నెత్తికెత్తుకున్నాడు గానీ, మళ్ళీ దించుకునేది ఎట్లాగో ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

తర్వాత పనిలో దిగాడు. కుండీలన్నిటి పైమట్టి రెండంగుళాలు తోడి ఎండలో పోశాడు. పైనుంచి నీళ్ళు పూర్తిగా మానేసి, కింది పళ్ళెంలో కాసిని పోస్తే వేర్లే పీల్చుకునేవి. అట్టముక్కలకు పసుపు పూసి, మీద ఆముదం రాసి, కుండీకొకటి గుచ్చాడు. పసుపు రంగుకు వచ్చి వాలిన ఈగ అక్కడే అంటుకుపోయేది. అన్నిటికన్నా అసలు మందు గనిలో పనిచేసిన మనిషికే తోచింది. రైలెక్కి మార్కాపురం పోయి, గని దగ్గర గుట్టలుగా పారబోసిన పలకరాతి నూకను రెండు గోతాలు తెచ్చాడు. మూతికి గుడ్డ కట్టుకుని, జల్లెడ పట్టి దుమ్ము పోగొట్టి, వేలి మందాన ప్రతి కుండీలోనూ పరిచాడు. పైన పొడిరాయి ఉంటే ఈగ గుడ్డు పెట్టలేదు, లోపల పుట్టింది బయటికి రాలేదు. జల్లెడ పట్టినందుకు మూడు రోజులు విడవకుండా దగ్గాడు. పన్నెండో రోజుకు అట్టల మీద కొత్త ఈగ ఒక్కటీ లేదు.

దొరసాని కుండీలన్నీ తిరిగి చూసి, "ఈ రాయి వేయుట ఎవరి ఆలోచన?" అని అడిగింది. టీ పళ్ళెం పట్టుకుని పక్కనే ఉన్న కరుణాకరం సామ్యేలు నోరు తెరవకముందే అందుకున్నాడు.

"నాదేనమ్మగారూ. బావ పచ్చిపేడ కలిపి కుండలకు కుండలు నీళ్ళు గుమ్మరిస్తుంటే వద్దని మొత్తుకున్నా. ఇనలా. ఆఖరికి నేనే ఈ రాయి తెమ్మని పంపించినా."

సామ్యేలు వాడి మొహంలోకి చూశాడు. ఆ మొహంలో ఒక్క గీత కదిలితే ఒట్టు.

"కాదమ్మా," అన్నాడు. "ఆ దినం నేను చెప్పింది..."

"తప్పు నీదేనని నీవే చెప్పితివి గదా," అంది దొరసాని.

అంతలో దగ్గు అందుకుంది. అది తగ్గేసరికి ఆమె లోపలికి పోయింది. సాయంత్రానికి తీర్పు వచ్చింది. కుండీలు కూడా ఇకనుంచి కరుణాకరమే చూస్తాడు, నెలాఖరుకు సామ్యేలు గది ఖాళీ చేయాలి. పెండ్లి చేసుకోబోయేవాడికి గది కావాలి మరి! నాలుగు నెలల కింద చెంచా పట్టుకోవడం రానివాడు ఎంత ముందుచూపు నేర్చుకున్నాడో. సామ్యేలుకు కోపం కన్నా సిగ్గు ఎక్కువైంది. వాడికి కూర్చోబెట్టి అన్నం పెట్టిన చేతులు చూసుకుంటే తనకే అసహ్యం వేసింది.

అయినా ఒక ఆశ మిగిలింది. వాళ్ళ సంఘంలో నెలకో ఆదివారం గుడిలో ప్రభువు బల్ల ఉంటుంది, యేసు పేరున అందరూ రొట్టె పంచుకుని తింటారు. రొట్టె విరిచే ముందు పాస్టరుగారు, ఒకరితో ఒకరికి పడనివాళ్ళుంటే లేచి సమాధానపడమని చెప్పి కాసేపు ఆగుతారు. వాళ్ళు అందరి ఎదుటా చేయి కలపాలి. కలపనివాళ్ళకు ఆ నెల రొట్టె లేదు. దొరసాని ముందు అబద్ధమాడినవాడు బల్ల ముందు ఆడతాడా అనుకున్నాడు సామ్యేలు. పాస్టరుగారు బంగళాకు వచ్చి ఒక్క మాట చెప్తే దొరసాని వింటుంది, పని నిలుస్తుంది.

ఆ ఆదివారం కొమరోలు నుంచి పెండ్లికూతురి తల్లి కూడా వచ్చి, ఆడవాళ్ళ వైపు ముందు వరసలో మణెమ్మ పక్కన కూర్చుంది. పాస్టరుగారు మాట ముగించగానే కరుణాకరం లేచాడు. సామ్యేలు గుండె కుదుటపడింది. తనూ లేచి ఎదురెళ్ళాడు.

"బావా," అన్నాడు కరుణాకరం, గుడంతా వినేలా. "పని పోయిందని నామీద నువ్వు పగ పెట్టుకున్నావు. నేను నిన్ను క్షమించినా." చెయ్యి చాపాడు.

సామ్యేలు చెయ్యి లేవలేదు.

"అయ్యగారూ, కుండీల్లో టీనీళ్ళు పోసింది వీడు. ఆ ఒక్కమాట చెప్పమనండి. చెయ్యేంది, వీడి కాళ్ళే పట్టుకుంటా."

"పోస్తుంటే చూసినవాళ్ళున్నారా?" అన్నారు పాస్టరుగారు.

"ఉండారు. మణెమ్మ చూసింది."

తలలన్నీ ఆడవాళ్ళ వైపు తిరిగాయి. మణెమ్మ కొంగు తల మీదికి లాక్కుంటూ లేచింది. తమ్ముడి వైపు చూసింది. పక్కనున్న పెండ్లికూతురి తల్లి వైపు చూసింది. భర్త వైపు చూడలేదు.

"నాకేం తెలీదయ్యగారూ," అంది. "నేనేం చూడలా."

సామ్యేలు గుడి బయటికి నడిచాడు. ఆవరణ దాటేలోపు దగ్గు వచ్చి కిటికీ పక్కన ఆగాల్సి వచ్చింది. లోపల రొట్టె పళ్ళెం తిరుగుతోంది. మణెమ్మ చెయ్యి చాపి తన ముక్క తీసుకుంది, నోట్లో పెట్టుకుంది, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది.

మర్నాడు పొద్దున మార్కాపురం గనిలో మేస్త్రీ అతని పేరు రాసుకున్నాడు. దగ్గు విని ఒకసారి తలెత్తి చూశాడు.

"నీకేమన్నా అయితే ఎవరికి కబురు చెయ్యాల?"

"ఎవరూ లేరు," అన్నాడు సామ్యేలు.