కడుపుతో ఉన్న ఇంట్లో తుపాకీ

"కడుపుతో ఉన్న పెళ్ళాన్ని ఇంట్లో పెట్టుకుని ఏ మగాడూ జీవిని చంపడని చెప్పవే మీ ఆయనకి!"

"ఇక్కడే ఉన్నాను అత్తయ్యా, వినపడుతోంది."

"వినపడితే చాలదని చెప్పు."

"అమ్మా, ఇద్దరూ ఒకే గదిలో ఉండి మధ్యలో నన్నెందుకు పోస్టుమ్యాన్ని చేస్తారు?"

అల్లుడు కంప్యూటర్ మూత వేసేసి లేచాడు. "కొబ్బరికాయ కొట్టొద్దన్నారు, మానేశాను. దీపావళి పూజకి మీరే కొట్టారు. జుట్టు కత్తిరించుకోవద్దన్నారు. ఎటూ సెలూన్లన్నీ మూసేశారు కాబట్టి అదీ సరే, చూడండి నా అవతారం. ఇది మాత్రం కుదరదు. పెద్దాయనకి మాటిచ్చాను, రేపు పొద్దున్నే వెళ్ళాలి."

"మాటిచ్చేముందు ఇంట్లో ఒక మాట అడగాలని చెప్పు. చంపేది కూడా దేన్ని? కడుపుతో ఉన్నదాన్ని! ఇంట్లో ఒకతి కడుపుతో ఉంటే, పొలంలో కడుపుతో ఉన్నదాన్ని కాలుస్తాడంట!"

"అమ్మా, ఇక ఆపు." మా అమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసుకుని కుర్చీలో కూలబడింది. "పోయిన వారం ఏమైందో నీకూ తెలుసు. హాస్పిటల్ నుంచి వస్తుంటే మంద మొత్తం రోడ్డుకి అడ్డం పడింది. బ్రేకు పడకపోతే ఏమయ్యేది? నాకు నొప్పులొచ్చినా ఆ రోడ్డు మీదే పోవాలి. అప్పుడు నీ పద్ధతులు అడ్డం పడతాయా దుప్పులకి?"

అయినా నేను తగ్గలేదు.

అప్పుడు మేముండేది ఐర్లండ్‌లో, పోర్ట్‌లీష్ నుంచి కొండల వైపు పోయే దారిలో, ఒక రైతు ఇంట్లో అద్దెకి. పెద్దాయన అంటే ఆ రైతే. పక్క ఇంట్లోనే ఒక్కడూ ఉండేవాడు. డెబ్బై దాటిన మనిషి. తుంటి అరిగిపోయి కర్ర పట్టుకుని నడిచేవాడు. ఆపరేషన్ చేస్తామన్న హాస్పిటల్‌వాళ్ళు కరోనా వచ్చాక వాయిదా మీద వాయిదా వేస్తూ పోయారు. ఆవుల్ని చూసుకునే ఓపిక లేక అమ్మేసి, ఆ పొలంలో ఓక్ మొక్కలు నాటాడు. దుప్పుల మంద కొండ దిగి వచ్చి వాటి చిగుళ్ళు కొరికేస్తోంది, బెరడు ఒలిచేస్తోంది.

ఏటా చలికాలం డబ్లిన్ నుంచి వేటగాళ్ళు వచ్చి మందని పలచన చేసిపోయేవాళ్ళంట. ఆ ఏడు ఎవరూ ఐదు కిలోమీటర్లు దాటకూడదని ఆంక్ష. దాటితే గార్డులు, అంటే అక్కడి పోలీసులు, ఆపి వెనక్కి పంపుతున్నారు. హోటళ్ళు మూతబడ్డాయి కాబట్టి ఆ మాంసం కొనే దిక్కు కూడా లేదు. ఆడవాటిని కొట్టే గడువు ఆ నెలాఖరుతో అయిపోతుంది. ఐదు కిలోమీటర్ల లోపల తుపాకీకి లైసెన్సు, ఆరోగ్యమైన కాళ్ళు రెండూ ఉన్నవాడు మా అల్లుడొక్కడే. పెద్దాయనే అంతకు ముందు ఏడాది సరదాగా నేర్పించి లైసెన్సు తీయించాడు. మా వాడు గురిబోర్డులు కాల్చడమే గాని, ప్రాణమున్న దేన్నీ ఇంకా కాల్చలేదు.

నాకు దుప్పుల మీద ప్రేమేం లేదు. పెరట్లో నేను పాకెట్టు గింజలు ఒక్కటీ వృథా కాకుండా చల్లి పెంచిన మెంతికూర మడిని రెండు పూటల్లో నున్నగా నాకేశాయి. మా పుట్టింట్లో మేకల్ని పెంచాం, కోశాం, తిన్నాం. కడుపుతో ఉన్నదాని మొగుడు చంపకూడదు, చచ్చినదాన్ని మోయకూడదు. నేను పట్టుకున్నది ఆ ఒక్క మాటనే. మా అమ్మ పట్టుకుంది, నేనూ పట్టుకున్నాను.

ఊరికే పట్టుకోలేదు. కరోనాకి ముందు మా అమ్మాయికి నాలుగో నెలలో కడుపు పోయింది. దాన్ని చూసుకోవడానికి మూడు నెలలని వచ్చాను. విమానాలు ఆగిపోయి ఇక్కడే ఉండిపోయాను. ఆ మొదటిసారి పిల్ల ఎంత ఏడ్చిందో చూసినదాన్ని. ఇప్పుడు మళ్ళీ ఏడో నెల. స్కానింగుకి మొగుణ్ణి కూడా లోపలికి రానివ్వట్లేదు. అది ఒక్కతే లోపలికి పోతే మేమిద్దరం కారులో కూర్చుని ఫోను వంక చూస్తూ ఉండేవాళ్ళం. డాక్టర్లు చేసేది డాక్టర్లు చేస్తారు. నా చేతుల్లో ఉన్నది ఈ జాగ్రత్త ఒక్కటే. దాన్ని కూడా వదులుకోమంటే ఎట్లా?

"నేనే పోయి అడుగుతాను పెద్దాయన్ని," అన్నాను.

"ఏ భాషలో?" అన్నాడు అల్లుడు.

నేను మాస్కు కట్టుకుని, స్వెట్టర్ తొడుక్కుని బయటికి నడిచాను. అమ్మాయి కోటు బొత్తాలు పట్టక, అట్లాగే వదిలేసి నా వెనకాలే వచ్చింది.

రెండిళ్ళకీ మధ్య నడుము ఎత్తు రాతిగోడ. ఆయన అటు, మేము ఇటు. ఆ మహమ్మారి రోజుల్లో మా మాటలన్నీ ఆ గోడ మీంచే. పొలం గేటు దగ్గర ఒక కుర్ర మగ దుప్పి నిలబడి ఓక్ మొక్క కాండానికి తల రుద్దుకుంటోంది. తల మీద రెండు పుల్లలు గుచ్చినట్టు కొమ్ములు, అంతే. రోజూ అదే వరస.

"అడగవే. కళ్ళ ముందు ఆ పుల్లకొమ్ముల వెధవ మొక్కని పాడు చేస్తుంటే వాణ్ణి వదిలేసి ఆడవాటి మీద ఎందుకు పడ్డారో."

అమ్మాయి ఇంగ్లీషులో ఏదో అంది. నేనన్నదానికంటే చాలా మెత్తగా అనుంటుంది, ఆయన చిరునవ్వు నవ్వాడు.

"వేటగాళ్ళలో వాళ్ళకి ఒక కట్టుబాటు ఉందంట. సర్కారు చట్టం కాదు. మగదాని కొమ్ము అరచెయ్యిలా విచ్చుకుని, అంచున మొనలన్నీ వచ్చేదాకా దాన్ని ముట్టుకోరంట. ఇదివరకు కొమ్ము కనపడితే చాలు కాల్చి గోడకి తగిలించుకున్నారంట. మందలో ఎదిగిన మగదే లేకుండా పోయిందంట. అందుకని కుర్రవాటిని పెరగనిస్తున్నారంట."

"కొమ్ములు ఎదగాలని మగదాన్ని కాస్తారు. మరి కడుపులో ఎదిగేదాన్ని ఎవరు కాస్తారు? అడుగు."

"అమ్మా, నేనడగను."

"అడుగు."

అడిగింది. ఈసారి ఆయన నవ్వలేదు. కర్ర మొనతో బురదలో ఒక గీత గీశాడు, పక్కన వరసగా సున్నాలు చుట్టాడు. గీతని చెరిపేశాడు. అవతల నుంచి ఇంకో గీత తెచ్చి పెట్టాడు. సున్నాల కింద చిన్న చిన్న సున్నాలు పెట్టుకుంటూ పోయాడు. అమ్మాయి చెప్పక్కర్లేకుండానే నాకు అర్థమైంది. ఒక మగదాన్ని తీసేస్తే అవతలి కొండ నుంచి ఇంకోటి వస్తుంది. ఆడవన్నీ ఈనుతూనే ఉంటాయి. మా మేకల మందకి ఒక్కటే పోతు ఉండేది, ఏ ఏడూ పిల్లలకి కొదవ లేదు. ఆయన చెప్పింది నిజమే. తల ఊపబోయి ఆపుకున్నాను.

తర్వాత ఆయన మొక్కల వైపు చెయ్యి చూపించాడు. వాటికి తొడిగిన గొట్టాలు కొన్ని పడిపోయి ఉన్నాయి. పైకి వచ్చిన చిగుళ్ళు కత్తెర వేసినట్టు తెగి ఉన్నాయి.

"ఈ చలికాలం ఇవి పోతే మళ్ళీ నాటే వయసు తనకి లేదంటున్నాడు," అంది అమ్మాయి.

ఇక మాటలతో పని కాదనుకున్నాను. అమ్మాయి కోటు పక్కకి తీసి దాని పొట్ట మీద నా అరచెయ్యి పెట్టాను. "బేబీ," అన్నాను. ఇంటి వైపు చూపించి, "అల్లుడు. గన్. నో." నాకొచ్చిన ఇంగ్లీషు అంతే.

"పరువు తీస్తున్నావమ్మా," అంది అమ్మాయి పళ్ళ బిగువున.

ఆయన దాన్ని ఏదో అడిగాడు. అది తల వంచుకుని చిన్నగా జవాబు చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి మాస్కు పైకి లాక్కుంది. పోయిన కడుపు సంగతి చెబుతోందని నాకు తెలిసిపోయింది. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏదో అన్నాడు.

"వాళ్ళావిడ కడుపుతో ఉన్నప్పుడు శ్మశానంలో అడుగు పెట్టనివ్వలేదంట ఈయన తల్లి. ఆవిడ సొంత నాన్నని పూడ్చేటప్పుడు కూడా గేటు బయటే నిలబడిందంట."

"ఆ తల్లి బుద్ధిమంతురాలు," అన్నాను. ఇది కూడా చెప్పిందో లేదో.

"గ్రాండ్, మిస్సస్. గ్రాండ్," అంటూ, సరేనన్నట్టు తల ఊపి ఆయన కుంటుకుంటూ లోపలికి పోయాడు.

"మా ఆయన రానక్కర్లేదంట," అంది అమ్మాయి.

"మరి ఎవరు చేస్తారంట?"

"అది చెప్పలేదు."

ఆ సాయంత్రం మా ఇంట్లో గిన్నెల చప్పుడే గాని మనుషుల చప్పుడు లేదు. అల్లుడు కంచం ముందు కూర్చుని కలిపిన ముద్దని అట్లాగే చూస్తూ, "మీ అమ్మగారు గెలిచారు, బాగానే ఉంది," అన్నాడు పెళ్ళాంతో. "మనకి కరోనా వచ్చి తలుపులు వేసుకున్నప్పుడు గుమ్మం ముందు బంగాళాదుంపలు, పాలు పెట్టి పోయింది ఎవరు? ఆ మనిషి నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. రేపు ఏ ముఖం పెట్టుకుని ఆయనకి కనపడను?"

"ముఖం మాస్కులోనే కదా ఉంటుంది, ఫరవాలేదని చెప్పు," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అతను సగం అన్నం వదిలేసి లేచాడు. నా ఇంట్లో అన్నం వదిలేస్తే ఊరుకునేదాన్ని కాదు. అది నా ఇల్లు కాదు కదా. కుక్కర్లో మిగిలిన అన్నం పొద్దున పులిహోరకి పనికొస్తుందని వేరే గిన్నెలో తీసి పెట్టాను.

తెల్లారింది. పొయ్యి మీద పోపు వేస్తున్నాను. తుపాకీ పేలింది, ఒక్కటే దెబ్బ. కిటికీ అద్దం అదిరింది.

గుమ్మం దగ్గర చూస్తే అల్లుడి బూట్లు లేవు.

పొయ్యి ఆపానో లేదో గుర్తు లేదు. అమ్మాయి రబ్బరు బూట్లలో కాళ్ళు దూర్చి, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని పరుగు తీశాను. నా వయసుకి అది పరుగే. వెనక నుంచి అమ్మాయి, "అమ్మా, జారతావు, అమ్మా!" అని కేకలు.

"నువ్వు బయటికి రాకు! కిటికీ తెర వెయ్యి!" అని అరిచాను.

పొలం గేటు దగ్గర పెద్దాయన దిమ్మకి ఆనుకుని ఉన్నాడు. తుపాకీ ఆయన చేతిలో ఉంది. అక్కడ నాకు ఊపిరి వచ్చింది. కాని మొక్కల మధ్య ఆడదుప్పి పడి ఉంది. చేతిలో తాడుతో అల్లుడు దాని వైపు పోతున్నాడు.

"ఆగండి! చెయ్యి వెయ్యొద్దు!"

అతను తిరిగి చూశాడు. "కాల్చింది ఆయనే అత్తయ్యా. చప్పుడు విని వచ్చాను, నేను తుపాకీ ముట్టలేదు. ఈడ్చడానికైనా మనిషి ఉండాలి కదా. ఆయన తుంటి మీరూ చూశారు."

"మోయకూడదు, ఈడ్చకూడదు. ఇటివ్వండి తాడు."

"మీరు ఈడుస్తారా?"

"నాకేం కడుపా, కాన్పా? ఇవ్వండి."

ఇవ్వలేదు. మేమిద్దరం ఆ మంచులో ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటూ నిలబడ్డాం. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్ర పోయినట్టు లేదు. చివరికి తాడుని నేల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. నేను తీసుకున్నాను.

వెనక కాళ్ళకి ముడి వేశాను. ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉంది. లాగితే కదల్లేదు. పెద్దాయన తుపాకీ ఖాళీ చేసి, గేటుకి తగిలించి, కర్ర ఊనుకుంటూ వచ్చి తాడు రెండో కొస పట్టుకున్నాడు. దూరం పాటించాలన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆయన ఊపిరి నా చెవికి తగులుతోంది. నాలుగడుగులు లాగడం, ఆగడం. మళ్ళీ లాగడం, ఆగడం. అల్లుడు మా ముందు నడుస్తూ అడ్డం వచ్చిన రాళ్ళు, కొమ్మలు తీశాడు. ఒకచోట పెద్దాయన కాలు మెలిక పడితే అతనే వచ్చి భుజం పట్టాడు. మనిషిని పట్టుకోవచ్చు.

గేటు దగ్గరికి చేరాక ఆయన కత్తి తీశాడు. అల్లుణ్ణి అటు తిరిగి నిలబడమన్నాను. తిరిగాడు. పొట్ట కోశాక లోపల ఉంది. పిల్లికూనంత ఉంది. గిట్టలు కూడా వచ్చేశాయి, తెల్లగా, మెత్తగా. పెద్దాయన నా వంక చూశాడు. నేను పార కోసం చుట్టూ చూశాను. గోడకి ఆనించి ఉంటే తెచ్చి, గోడ వారన నేనే గుంట తీశాను. నేల మంచుకి బిగుసుకుపోయి కష్టమైంది. అందులో పెట్టి మట్టి కప్పి, పైన రాయి పెట్టాను.

ఆయన ఒక తొడ కోసి గుడ్డలో చుట్టి నాకు ఇవ్వబోయాడు. మంచి మాంసం, వద్దనడానికి మనసు రాలేదు. "పురుడు పోసుకున్నాక తీసుకుంటామని, అప్పటిదాకా ఆయన ఫ్రీజర్లోనే ఉంచమని చెప్పండి," అన్నాను. అల్లుడు అటే తిరిగి ఉండి ఇంగ్లీషులో చెప్పాడు. పెద్దాయన సరేనని మాంసం లోపలికి తీసుకుపోయాడు.

నేను ఇంట్లోకి పోకుండా పెరట్లో కుళాయి దగ్గర కూర్చున్నాను. అమ్మాయి కెటిల్లో నీళ్ళు కాచి కాచి బకెట్ నింపింది. దాన్ని అల్లుడు తెచ్చి నా ముందు పెట్టి, తలుపు వేసుకుని లోపలికి పోయాడు. చీరతోనే నెత్తిన పోసుకున్నాను. అమ్మాయి అందించిన పొడి చీర చుట్టుకుని, తడి చీర పిండి తీగ మీద ఆరేసి, లోపలికి వచ్చి, పులిహోర కలిపి ఇద్దరికీ పెట్టాను. అతను తిని ఆఫీసు మీటింగుకి కూర్చున్నాడు. అది అయ్యాక అమ్మాయిని స్కానింగుకి తీసుకుపోవాలి, ఆ రోడ్డు మీదే. కారు తాళాలు తీసి బల్ల మీద పెట్టాను.