డాక్టరమ్మ నవ్విన పూట

"వడమాలపేటలో సావుకొచ్చిన జనాన్ని దించి వస్తా ఉండానప్పా. మీ డాక్టరమ్మ పోయిందంట ఆడ" అని మొన్న బస్సు కండక్టరు చెప్పినప్పుడు, తాగుతున్న టీ గ్లాసు పక్కన పెట్టేశాను.

అప్పట్లో నేను ఆమె పనిచేసే ఆసుపత్రిలో వార్డుబాయ్‌ని. ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి. రోగుల నొప్పి తగ్గించడమెలాగో ఆమె పాఠం చెప్పేది. కాబోయే డాక్టర్లను, నర్సులను, మందులిచ్చేవాళ్ళను, కాళ్ళూచేతులకు కసరత్తు చేయించేవాళ్ళను ఒకే గదిలో కూర్చోబెట్టేది. నర్సుల పక్కన కూర్చోవడం డాక్టరు దొరలకు నామోషీ. అయినా వదిలేది కాదు.

ఒకసారి నేను పెద్దడాక్టరు నడకను అనుకరిస్తుంటే చూసింది. "ఈ దొంగేషాలు పిల్లోళ్ళ సదువుకు పనికొస్తాయి, రాప్పా" అని నన్ను క్లాసులో ఉత్తుత్తి రోగిని చేసేసింది.

పదికి ఎన్ని మార్కుల నొప్పి అంటే మావాళ్ళకేం తెలుసు? "కొండ యాడిదాకా ఎక్కినావు?" అని అడగమనేది. కొండ కిందుండే అలిపిరి అంటే ఓర్చుకోవచ్చు. గాలిగోపురమంటే మందియ్యాలి. ఇంకా పైనుండే మోకాళ్ళ పర్వతమంటే పరుగెత్తాలి. "నొచ్చేవాడి మాట ముందు నమ్మండి. అనుమానం తర్వాత" అనేది.

నేను మంచం మీద పొర్లి, అరిచి, పిల్లల తాతముత్తాతలను తిట్టి రక్తి కట్టించేవాణ్ణి.

దేశంలో ఎమర్జెన్సీ ఎత్తేసిన ఎండాకాలంలో ఒక రోజు పొద్దుటి నుంచే కడుపు బాగాలేదు. వాయువేమో అనుకుని క్లాసుకు పోయి ఎప్పటిలా మంచమెక్కాను. ఉన్నట్టుండి కుడిపక్కన కత్తి దించి తిప్పినట్టయింది.

"మోకాళ్ళ పర్వతం" అన్నాను.

చప్పట్లు.

"అమ్మా, నిజంగానే..." అన్నాను. ఆ మాట నేను ప్రతిసారీ అనేదే. డాక్టరమ్మ కూడా నవ్వింది. "ఈ పొద్దు శానా బాగా సేస్తా ఉండావప్పా" అని బోర్డువైపు తిరిగింది. ఒళ్ళంతా చెమట. గొంతు లేవడం లేదు. ఈ చప్పట్లలోనే పోతానని భయపడ్డాను.

కార్వేటినగరం నుంచి వచ్చిన నర్సు పిల్ల లేచింది. "అమ్మా, ఈయప్పకు నిజంగానే నొస్తా ఉండాది."

"నువ్వు గమ్మునుండు. ఈయప్ప నాటకాలు మాకు తెలీవా?" అన్నాడో డాక్టరు కుర్రాడు.

"ఇంతసేపు మనల్ని ఒక్క తిట్టన్నా తిట్టినాడా, సూడు!"

డాక్టరమ్మ గిరుక్కున తిరిగింది. నవ్వు పోయింది. వచ్చి నా కడుపు నొక్కి, చెయ్యి తీసింది. తీయగానే నేను గావుకేక పెట్టాను. "స్ట్రెచర్!" అంది. తోసేవాణ్ణి నేనే కదా, నేనేమో దానిమీద పడి ఉన్నాను. డాక్టరు కుర్రాళ్ళే పరుగున తోశారు. ఇంకో గంటయితే అపెండిక్సు పగిలి చీము కడుపంతా పాకేదట.

ఆపరేషనయి కళ్ళు తెరిచేసరికి ఆమె పక్కనే ఉంది. "నొప్పి ఎంతుండాది?"

"ఏం లేదమ్మా."

"అప్పుడు నిజం సెప్తే నేను నమ్మలా. ఇప్పుడు అబద్ధం సెప్తే నమ్మమంటావా?" అని తన చేత్తోనే సూదేసింది.

నా వేషాలకు ఇక సెలవే అనుకున్నాను. కొత్త పిల్లలు చేరగానే మళ్ళీ పిలిపించింది. ఈసారి మంచం లేదు, నాకు కుర్చీ వేసింది. "ఈయప్ప నొస్తాదని సెప్పినాడు. నమ్మమని మీకు నేర్పే నేనే నవ్వినాను. కనిపెట్టింది ఒక నర్సు బిడ్డ" అంది. అది ఎవరో వేరే డాక్టరు కథ అని చెప్పినా ఆమెను అడిగేవాళ్ళు లేరు. అయినా అట్లా చెప్పలేదు.

నవ్వించడానికి నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంది. అది వదిలేసి ఆమెవైపు చూశాను. ఆ కుర్రకారు ముందు, నా పక్కన, వేళ్ళమధ్య సుద్దముక్క పొడిపొడిగా రాలుతుంటే, అంతటి డాక్టరమ్మ తల దించుకుని నిలబడి ఉంది.