నాకు ఉంచిన పాట

బీరువా అడుగున నాన్న ఎంపీత్రీ ప్లేయర్ దొరికింది. ఇయర్‌ఫోన్ స్పాంజికి ఇంకా ఆయన తలనూనె వాసన.

నాన్నది ఓడలో పని. బయల్దేరే ముందు ఇంట్లో కంప్యూటర్‌లోంచి పాటలు అందులోకి ఎక్కించుకునేవాడు. చిన్నప్పుడు ఒకసారి తెర మీద ఒక ఫోల్డర్‌లోంచి ఇంకో ఫోల్డర్‌లోకి కాగితాలు ఎగిరిపోతుంటే, ఇక ఇంట్లో పాటలుండవని నాకు బెంగ పట్టుకుంది.

"అన్నీ అట్టుకెళిపోతే నాకేటి మిగుల్తాది నాన్నా?"

"ఇది నీకు ఉంచేత్తన్నాన్లేమ్మా," అని నాన్న ఒక పాటను విడిగా పెట్టాడు.

ఆయన తిరిగొచ్చేదాకా, హార్బర్‌లో ఓడ కూత వినపడినప్పుడల్లా ఆ ఒక్కటే పెట్టుకున్నాను. మిగతావి సముద్రం మీద ఉన్నాయనుకున్నాను.

ఎక్కించినంత మాత్రాన పాటలు కంప్యూటర్‌లోంచి పోవని పెద్దయ్యాక తెలిసింది. నాన్న నన్ను ఊరుకోబెట్టడానికే అలా అన్నాడనుకున్నాను.

ఇవాళ ప్లేయర్‌లో కొత్త బ్యాటరీ వేసి చూశాను. పాటలన్నీ ఉన్నాయి, ఆ ఒక్కటి తప్ప.