లైబ్రరీ కంప్యూటర్‌కు ఆయుధపూజ

మా ఊళ్లో ఫోన్ సిగ్నల్ కావాలంటే మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడాలి. అక్కడి నుంచి ఇంటర్వ్యూ ఇస్తే వీధి వీధంతా నాకు జవాబులు అందిస్తుంది. అందుకని చిత్తూరు లైబ్రరీకి వెళ్లాను. అసలు ఆ ఇంటర్వ్యూ సంగతి నాకు తెలిసిందే అక్కడి కంప్యూటర్‌లో. సముద్రాల అవతల ఏదో కాలేజీ, పండ్లు చెడిపోకుండా ఎండబెట్టి అమ్ముకోవడం ఎలాగో ఆడవాళ్లకు ఇంటర్నెట్‌లో ఉచితంగా నేర్పుతోంది. వీడియోలో మాట్లాడించి, నచ్చితే సీటిస్తారు. మామిడి ధర పడిపోతే దిక్కుతోచని ఇంటికి కోడలిని నేను. ఆ సీటు నాకు కావాలి. ఎంతగా అంటే, నడిచి వస్తానని కొండకు మొక్కుకున్నాను, మోకాళ్ల నొప్పుల సంగతి స్వామికి చెప్పకుండా.

మా అత్త తోడొచ్చింది. బస్సులో దారి పొడుగునా ఒకటే సణుగుడు.

"తాండ్ర ఎండబెట్టేదానికి కాలేజీ ఏందిమే? మా యమ్మ యాడ సదివింది?"

నేను పళ్లు కొరుక్కుంటూ కిటికీలోంచి బయటికి చూశాను.

లైబ్రేరియన్ సారు మంచివాడే. కంప్యూటర్‌ని మాత్రం పచ్చి బాలింతలా చూసుకుంటాడు, గుడ్డ కప్పి, గాలి తగలనీయకుండా. అప్పటికి దసరా అయి ఒక్కరోజే. ఆయుధపూజ నాడు ఆయన మానిటర్‌కు, కీబోర్డుకు, ఆఖరికి మౌసుకు కూడా గంధం రాసి, కుంకుమ పెట్టి, గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టాడట.

"పద్ధతిగా చేసినానమ్మా. ఇంక దీనికి దిష్టి గూడా తగల్దు" అంటూ గుడ్డ తీశాడు.

తెర మీద ఇద్దరు కనిపించారు. ఒకరు ఆ కాలేజీ మేడమ్, ఇంకొకరు ఆమె మాటలు తెలుగులో చెప్పే అమ్మాయి.

"మీ గొంతు వినిపిస్తోందండీ. మీరే కనిపించడం లేదు. అంతా ఎర్రగా ఉంది" అంది ఆ అమ్మాయి.

ఇక చూడండి నా అవస్థ! పేపరు చదువుకోవడానికి వచ్చిన పెద్దమనుషులంతా పేపర్లు మడిచి నా వెనక చేరారు. "వెలుతురు సాల్లేదప్పా" అని ఒకాయన కిటికీలు తెరిచాడు. "వైరు లూజయింటాది" అని ఇంకొకాయన పీకబోతే సారు గావుకేక పెట్టాడు. "ఎర్రచీర కట్టుకోనుండావు గదమ్మా, దానివల్లే" అని మరొకాయన తేల్చేశాడు. అయితే చీర మార్చుకు రమ్మంటావా స్వామీ అని నోటిదాకా వచ్చింది. పెద్దవాడు కదా అని మింగాను.

"ఇంకాసేపే చూస్తామండీ, తర్వాత వేరేవాళ్లు ఉన్నారు" అంది తెరలోని అమ్మాయి.

ఏం చేయాలో తెలియక మొహం తెరకు ఆనించినంత పని చేశాను. గుప్పుమని గంధం వాసన! మానిటర్ నెత్తిన చిన్న గాజుబిళ్ల ఉంటుంది కదా, కెమెరా, సరిగ్గా దాని మీద సారు పలచగా గంధం అద్ది కుంకుమబొట్టు పెట్టాడు. అది కాస్తా ఎండి పెచ్చు కట్టింది.

తుడవబోయాను. సారు అడ్డం పడ్డాడు.

"వద్దమ్మా! పూజ చేసి పెట్టిన బొట్టు. సెరిపితే అరిష్టం!"

పెద్దమనుషులు ఔనౌనన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. బొట్టు విషయంలో మా అత్త వీళ్లందరికన్నా పట్టింపు మనిషి. ఆమె లేచి రావడం చూసి, అయిపోయింది నా పని అనుకున్నాను.

అత్త చెంగు తడిపింది. "బొట్టు నుదుటికి పెడతారు గానీ కంట్లో పెడతారా అబ్బా? మీ ఇంట్లో అట్లే పెట్టుకుంటారా?" అని ఒక్క తుడుపు తుడిచేసింది.

నేను తెరలో కనిపించాను. నా పక్కన మా అత్త ఇంకా పెద్దగా కనిపించింది. మేడమ్ నవ్వి, ఈ చదువు మీకెందుకని అడిగించింది. అద్దం ముందు అన్నిసార్లు వల్లించిన జవాబు ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు.

"ఇది సెప్పదులేమ్మా, నేను సెప్తా" అని అత్త తెర ముందుకు వంగింది. "పోయిన ఎండాకాలం కాయలు కొనేవాడు లేక రోడ్డు పక్కన పారబోసినాము. ఆడనే కూలబడి నా మొగుడు ఏడ్సినాడు. పెండ్లయినప్పట్నుంచి ఆ మనిషి ఏడ్సంగా నేను సూడలే. అప్పట్నుంచి ఈ పిల్ల ఈడికొచ్చి ఏందేందో సదువుతా ఉండాది. నేను తిడతానే ఉండా, ఇది సదువుతానే ఉండాది. దీనికి ఆ సీటేదో ఇయ్యండి తల్లీ."

తెరలోని అమ్మాయి ఆ మాటలన్నీ మేడమ్‌కు ఇంగ్లీషులో చెప్పింది. నేను మాత్రం సిగ్గు లేకుండా అందరి ముందూ ఏడ్చాను.

కొన్నాళ్లకు సీటొచ్చిందని ఫోన్‌కు కబురొచ్చింది. తోటలో ఉన్న మామకు చెబుదామని నేను గడప దాటబోతే అత్త నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది. "నువ్వుండు, నేను సెప్తా" అని, చెప్పులు కూడా వేసుకోకుండా తోటవైపు పరుగెత్తింది.