వారానికి ఒక్కసారి చాలు

నేను మొట్టమొదట గొంతు విప్పి పుస్తకం చదివి వినిపించింది ఒక పాముకు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. తలనొప్పి వచ్చినా రాసుకునే డైరీలో కూడా రాయలేదు.

అప్పుడు మేం దోహాలో, అల్ హిలాల్ అనే పేటలో ఉండేవాళ్లం. ఒక పెద్ద విల్లాను చెక్కగోడలతో ముక్కలు చేసి అద్దెకిచ్చారు. వెనక ముక్కలో మేం ముగ్గురం: కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపర్‌గా చేసే నాన్న, అమ్మ, దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో కూర్చున్న నేను. ఎటు చూసినా క్రేన్లు లేస్తున్న కాలం. అందరికీ ఏదో ఒక డ్యూటీ ఉండేది, నాకు తప్ప.

ముందు ముక్కలో హైదరాబాద్ ఆంటీ ఒక్కరే ఉండేవారు. ఒక ఇండియన్ స్కూల్లో లైబ్రేరియన్. కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోతున్న ఒక ఇంగ్లీషాయన సోఫా, మైక్రోవేవ్ అమ్ముకుని, ఎవరూ కొనని మూడు పెంపుడు పాములను ఆవిడకు అప్పగించి విమానం ఎక్కేశాడట. వాటిని ఎవరికి ఇవ్వాలో తెలియక ఆవిడ ఉంచేసుకున్నారు.

వేసవి సెలవులకు రెండు నెలలు హైదరాబాద్ వెళ్తూ ఆంటీ నన్ను పిలిచారు.

“లైబ్రరీల నాకొక అసిస్టెంట్ కావాలె బేటీ. పుస్తకాలు రిజిస్టర్ల ఎక్కించాలె, వారానికొకసారి చిన్నపిల్లలకు కథ చదివి వినిపించాలె. నువ్వు మస్తు చదువుతవని నాకెరుకే. నోరు తెరుస్తవా, తెరవవా, అదే ఎరుక లేదు.”

నేను నోరు తెరవలేదు.

“సరే, ముందు వీటిని చూస్కో. ఏ రోజు ఏది ముట్టినవు, ఏది తిన్నది, అన్నీ రాసిపెట్టు. రిజిస్టర్ సక్కగుంటే వచ్చినంక ప్రిన్సిపాల్‌తోని మాట్లాడ్త.”

ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలో డైరీలో నాలుగు పేజీలు రాసుకున్నాను.

రిజిస్టర్ మొదటి పేజీలో ఆంటీ నియమాలు ఉన్నాయి. ఎర్రమచ్చల సన్నపాములు రెండింటినీ వారానికి రెండుసార్లు, పావుగంట చొప్పున చేతుల్లోకి తీసుకోవాలి. బొత్తిగా ముట్టుకోకపోతే మనిషి అలవాటు తప్పి బెదురుతాయి. లావుపాటి కొండచిలువ సిగ్గరి, దానికి వారానికి ఒక్కసారి చాలు. తిన్నాక రెండు రోజులు దేన్నీ కదిలించకూడదు. కళ్లు పాలరంగుకు తిరిగితే కుబుసం విడవబోతోందని గుర్తు, అప్పుడూ వద్దు. ఊరికే ముట్టుకుంటూ ఉంటే తిండి మానేస్తాయి.

సిగ్గరి అన్న మాట చదవగానే కొండచిలువ మీద బంధుప్రేమ పుట్టింది.

పిల్లలకు కథ చదవడం అలవాటు చేసుకుందామని మొదట అద్దం ముందు నిలబడ్డాను. అద్దంలోని మనిషిని చూసి కూడా సిగ్గేసింది. దాంతో కొండచిలువను ఒళ్లో పెట్టుకుని చదివాను. దానికి రెప్పలు లేవు కాబట్టి కథ మధ్యలో కళ్లు మూసుకోలేదు. చెవులు బయటికి లేవు కాబట్టి నా గొంతు వణికితే నవ్వలేదు. నేను చూసిన వాళ్లందరిలోనూ అంత మర్యాదస్తురాలు లేదు. మర్నాడు కూడా తీశాను. ఆ మర్నాడు కూడా. రిజిస్టర్‌లో మాత్రం ‘ముట్టలేదు’ అని గుండ్రటి అక్షరాలతో రాశాను.

మూడో వారం అది తిండి మానేసింది. ఫ్రీజర్‌లోని ఎలుకపిల్లను గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, పట్టకారుతో ముందుకు చాపితే మొహం తిప్పుకుంది. శుక్రవారం ఆంటీ ఫోన్ చేసి, “తింటున్నయా బేటీ?” అని అడిగారు. “ఊఁ” అన్నాను. మిగతా రెండూ తింటున్నాయి కనుక అది చాలావరకు నిజం.

ఆ రోజు నుంచి కథలు ఆపేశాను. పది రోజులు దాన్ని వేలితో తాకలేదు. అయినా తినలేదు. పదకొండో రోజు దాని తల మీద పసుపు కనిపించింది.

మా అమ్మ పామును పాము అని కూడా అనదు, పురుగు అంటుంది. మా ముక్కలో ఏసీ మొరాయిస్తోందని మధ్యాహ్నాలు ఆంటీ గదిలో కూర్చునేది. పాముల కోసం అక్కడ ఏసీ ఎప్పుడూ ఆపేవాళ్లం కాదు.

“అమ్మా, దాన్ని ముట్టినవా?”

“నేనెందుకు ముడత? సల్లగుంటదని పోయిన.”

“మరి పసుపు?”

“నాగుల పంచమికి పెట్టిన. ఈ దేశంల పుట్ట యాడ దొర్కుతది?”

“పంచమి అయి వారమైంది. ఇది ఇయ్యాల్టి పసుపు.”

అమ్మ కాసేపు కొంగు అంచు సరిచేసుకుంది.

“రోజూ పసుపు పెట్టి మొక్కి, మోకాలి మీద వేస్కుంటే నొప్పి గుంజేస్తది బిడ్డా. బామ్ రాసినా అంత సుఖం లేదు.”

అన్నం తింటున్న నాన్న పగలబడి నవ్వాడు. అమ్మ అటు తిరిగింది.

“నువ్వు నవ్వకు. శుక్రవారం లేబర్ క్యాంప్ నుంచి నలుగురిని తోల్కొచ్చి, దాన్ని మెడలేసి ఫోటోలు దింపింది ఎవరు?”

“వాళ్లే అడిగిండ్రు. ఊర్ల అందరికీ ఇది గూడ దుబాయే గద, దుబాయ్‌ల ఏం జూసినవని ఇంటికాడ అడుగుతరట. ఎన్నని పంపుతరు క్రేన్ల ఫోటోలు?”

“ఒక్క శుక్రవారమేనా?” అన్నాను.

“మూడు,” అన్నాడు నాన్న, పప్పు కలుపుకుంటూ.

వారానికి ఒక్కసారి కదపవలసిన ఆ ప్రాణి పొద్దున కథలు విని, మధ్యాహ్నం మోకాలు పట్టి, శుక్రవారం క్యాంపువాళ్లకు దర్శనమిచ్చింది. దాని స్థానంలో నేనుంటే నాకూ ఆకలి వేసేది కాదు.

గదికి తాళం వేసి చెవి నా దగ్గర పెట్టుకున్నాను. ఆంటీ వచ్చే రోజు దగ్గర పడుతోంది. పెట్టిన ఎలుకపిల్ల పెట్టినట్టే ఉండేది. ఇక రెండు రోజుల్లో విమానం అనగా, ఒక సాయంత్రం కొండచిలువ తల ఎత్తి చూసింది. మేం ముగ్గురం గుమ్మంలో పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డట్టు నిలబడ్డాం.

“యల్లా, మింగు,” అని నాన్న అరబ్బీలో తొందరపెడుతూ గొణిగాడు.

“సప్పుడు జేయకు,” అంది అమ్మ.

మింగింది. అమ్మ కళ్లు తుడుచుకుంది.

ఇక రిజిస్టర్ మిగిలింది. ఉన్నదున్నట్టు వదిలేస్తే ఉద్యోగం నాదే. కానీ కొండచిలువ రేపు మళ్లీ తిండి మానేస్తే, ఈ గుండ్రటి అక్షరాలు నమ్మి ఆంటీ దాన్ని పట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. ఎర్ర పెన్ను తీసి మొదటి వారం నుంచి దిద్దడం మొదలుపెట్టాను.

“తిన్నది గద. ఇగ రాసుడెందుకు?” అన్నాడు నాన్న. కాసేపు చూసి, “నాయి రెండు శుక్రవారాలే అని రాయి,” అన్నాడు.

“నా ముచ్చట రాయకు బిడ్డా,” అంది అమ్మ. “పురుగును పట్టిందని ఊర్ల తెలిస్తే నా చేతి నీళ్లు తాగరు.”

మూడు శుక్రవారాలూ రాశాను. మోకాలు కూడా రాశాను. నా వంతుకు ‘రోజూ ఒళ్లో పెట్టుకున్నాను’ అని రాశాను కానీ కథల మాట రాయలేదు.

ఆంటీ వచ్చి పెట్టె తెరవకముందే నిలబడి రిజిస్టర్ చదివారు. పేజీ తిప్పినప్పుడల్లా ఎర్రగా కనిపిస్తోంది. చదవడం అయ్యాక తల ఎత్తారు.

“అమ్మ మోకాలికి పెట్టుకున్నది. నాన్న ఫోటోలు దింపిండు. అందరికన్న ఎక్కువ నువ్వే ముట్టినవు. ఎందుకు?”

అది మాత్రం చెప్పలేకపోయాను. ఉద్యోగం ఎలాగూ పోయింది కదా అనుకున్నాక నోరు దానంతట అదే తెరుచుకుంది.

“తప్పయింది ఆంటీ. ముందు అబద్ధం రాసిన. అది మల్ల తినకపోతే మీకు కారణం తెలవాలె కదా, అందుకే అంతా దిద్దిన. ఇప్పుడు నాలుగు వారాల నుంచి ఎవ్వరం ముట్టలేదు. ఇది మాత్రం నిజం.”

ఆవిడతో నేను అంత పొడుగున మాట్లాడటం అదే మొదలు. ఆవిడ రిజిస్టర్ మూసి తన స్కూలు సంచిలో పెట్టుకున్నారు.

“ఆదివారం స్కూల్ తెరుస్తరు. పొద్దుగాల తయారుగుండు, ప్రిన్సిపాల్ దగ్గరికి పోదాం,” అన్నారు. “ఒకటో తరగతి పిల్లలొస్తరు. కథ చదువు, మంచిదే. వాళ్లను మాత్రం రోజూ ఒళ్లో పెట్టుకోకు బేటీ, అన్నం మానేస్తరు.”